తిరుగు దారి బరువు

గత ఏడాది నా కుడి మణికట్టు ఎముక చిట్లింది. కట్టు విప్పిన రోజున డాక్టరు గారు, ఇంకో ఎనిమిది వారాలు ఆ చేత్తో ఏమీ ఎత్తవద్దని చెప్పారు. ఎడమ భుజానికి పాత నొప్పి ఉంది కాబట్టి ఆ చేత్తో కూడా మూడు కిలోలు మించకూడదన్నారు. వంట ఎలా చేసుకోవాలి, జడ ఎలా వేసుకోవాలి, బస్సులో ఏ చేత్తో పట్టుకుని నిలబడాలి అని దారి పొడవునా ఆలోచించుకుంటూ వచ్చాను. సరుకుల సంగతి మాత్రం తట్టనే లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఈ మహానగరంలో ఉంటున్నాను. ఇక్కడ సరుకులు దొరకడం కూడా ఒక సమస్యేనని ఏనాడూ అనుకోలేదు. సందు చివర చిన్న కొట్టు ఉంది. పెద్ద రోడ్డు దాటితే సూపర్‌మార్కెట్. బస్సులో నాలుగు స్టాపుల దూరంలో కూరగాయల మార్కెట్. ఊరి అంచున, పెట్టెలకు పెట్టెలు అమ్మే గోదాము లాంటి దుకాణం. ఇవి కాక ఫోనులో మూడు ఆప్‌లు. ఇన్ని ఉన్నప్పుడు ఎవరైనా ఏమంటారు? ఏది కావాలంటే అది దొరుకుతుందంటారు. నేనూ అదే అనేదాన్ని.

మాది పాత భవనం. నేనుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక్కదాన్నే ఉంటాను.

మూడు కిలోలంటే ఎంతో చేతికి తెలియదు కదా. ప్రయాణాలప్పుడు పెట్టె బరువు చూసుకోవడానికి కొన్న కొక్కెం త్రాసు ఒకటి అలమారులో ఉంటే తీసి, మొదటి శనివారం సంచిలో వేసుకుని సూపర్‌మార్కెట్‌కు వెళ్ళాను. డబ్బు కట్టే ముందు ఒక పక్కగా నిలబడి సంచిని కొక్కేనికి తగిలించాను. రెండు లీటర్ల పాలు, ఒక డజను గుడ్లు. ముల్లు మూడుకు ఒక గీత ఇవతల ఆగింది. అంతే, నా వాటా అయిపోయింది. కూరగాయలు ఇంకా కొననే లేదు. నూనె, సబ్బులు, పిండి అన్నీ చీటీలోనే ఉండిపోయాయి. ఒక లీటరు పాల సీసా తీసి వెనక్కి పెట్టేసి, ఆ ఖాళీలో ఒక కిలో కూరగాయలు వేసుకున్నాను.

వెళ్ళేటప్పుడు తొమ్మిది నిమిషాలు పట్టింది. వచ్చేటప్పుడు ఇరవై రెండు. దారి అదే, మనిషిని నేనే. తేడా అంతా ఎడమ చేతి వేళ్ళ మీద ఉంది. నడుస్తున్న కొద్దీ సంచి పట్టీలు రెండూ కలిసి తాడులా మెలి తిరిగి, చూపుడు వేలికీ మధ్య వేలికీ రెండో కణుపు దగ్గర దిగబడతాయి. మొదట అక్కడ చర్మం తెల్లబడుతుంది. ఆ తర్వాత వేళ్ళ కొసలు ఎర్రబడి, ఇంకాసేపటికి ఊదారంగుకు తిరుగుతాయి. సంచి కింద పెట్టి వేళ్ళు చాపినా ఆ గీత పోదు. పెద్ద రోడ్డు దాటడానికి పాదచారుల వంతెన ఒక్కటే దిక్కు. ఇటు యాభై నాలుగు మెట్లు, అటు యాభై నాలుగు. ఎక్కేటప్పుడు సంచి అడుగు ప్రతి మెట్టు అంచుకూ తగులుతుంది. తగలకుండా ఉండాలంటే మోచెయ్యి మడిచి సంచిని పైకి పట్టుకోవాలి. భుజం నొప్పి అక్కడే మొదలయింది. వంతెన మీద రెండుసార్లు, దిగాక ఒకసారి, సందు మొదట్లో ఒకసారి, మా మెట్ల మీద రెండుసార్లు ఆగాను.

ఆ రాత్రి ఒక నోటు పుస్తకంలో రెండు అంకెలు రాసుకున్నాను: 9, 22. ఎనిమిది వారాలూ అలాగే రాశాను. దుకాణం దగ్గర అంటే ఉత్త చేతులతో దగ్గరా, నిండు చేతులతో దగ్గరా అనే ప్రశ్న అప్పుడు పట్టుకుంది నన్ను. ఇప్పటికీ వదలలేదు.

ఆ ప్రశ్నతోనే కాస్త చదవడం మొదలుపెట్టాను. సరుకులు అందుబాటులో లేని ప్రాంతాలను ‘ఆహారపు ఎడారులు’ అనడం 1990లలో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. తర్వాత అమెరికా వ్యవసాయ శాఖ దానికొక కొలత పెట్టింది. ఆదాయం తక్కువగా ఉన్న ప్రాంతంలో, నగరమైతే ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు, పల్లె అయితే 10 మైళ్ళు దాటి ఉంది సూపర్‌మార్కెట్ అంటే, అక్కడివారికి అది దూరమైనట్టు లెక్క. అర మైలు కొలత కూడా వాడతారు. సొంత వాహనం లేని ఇళ్ళు ఎన్ని ఉన్నాయో కూడా ఒక లెక్కలో చూస్తారు. ఆ చివరిది చదివినప్పుడు ప్రాణం లేచి వచ్చింది, ఎవరో ఒకరు మోసే మనిషి గురించి ఆలోచించారని. అయినా అవన్నీ వెళ్ళే దూరానికి పెట్టిన కొలతలే. నా సూపర్‌మార్కెట్ ఇంటికి ఏడు వందల మీటర్లు కూడా ఉండదు. ఏ పటంలో చూసినా నేను సరుకుల మధ్యన కూర్చున్నట్టే కనిపిస్తాను. నూట ఎనిమిది మెట్లు ఏ పటంలోనూ కనిపించవు.

ప్యారిస్‌లో పనిచేసే, నగరాల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ కార్లోస్ మొరేనో 2016లో ‘పదిహేను నిమిషాల నగరం’ అనే ఆలోచనను ముందుకు తెచ్చారు. మనిషికి రోజూ కావలసినవన్నీ ఇంటి నుంచి నడిచిగానీ సైకిలు మీదగానీ పదిహేను నిమిషాల్లో చేరుకునేలా ఉండాలని. నాకు నచ్చిన ఆలోచన అది. ఆ పదిహేను నిమిషాల్ని సంచి పట్టుకుని వెనక్కి వచ్చే నడకతో లెక్కపెడితే ఇంకా నచ్చుతుంది.

అసలు ఈ మోత మన చేతికి ఎప్పుడు వచ్చింది? నేను దీని మీదే ఎక్కువ రోజులు గడిపాను, అందుకే కాస్త వివరంగా రాస్తాను. వందేళ్ళ కిందట అమెరికా నగరాల్లో చాలా కొట్లలో గుమాస్తా బల్ల వెనక ఉండేవాడు. కావలసినవి చెబితే అతనే తీసి, తూచి, కట్టి ఇచ్చేవాడు. ఖాతా ఉండేది. సరుకులు ఇంటికి పంపే ఏర్పాటూ చాలాచోట్ల ఉండేది. 1912లో ఎ అండ్ పి అనే గొలుసు దుకాణాల సంస్థ కొత్త రకం చిన్న కొట్లు తెరిచి, అప్పూ ఇంటికి పంపడమూ రెండూ మానేసింది. ఖర్చు తగ్గింది, ధరా తగ్గింది. 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ ‘పిగ్లీ విగ్లీ’ తెరిచి, బల్ల వెనక గుమాస్తానే తీసేశాడు. కొనేవారే బుట్ట పట్టుకుని అరల మధ్య తిరిగి, తమకు కావలసినవి తీసుకుని, చివర డబ్బు కట్టి వెళ్ళాలి. 1930లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మైఖేల్ కల్లెన్ ‘కింగ్ కల్లెన్’ పెట్టాడు. అద్దె తక్కువ ఉన్న చోట పెద్ద హాలు, గుట్టలుగా సరుకు, తక్కువ ధర, కారు నిలుపుకోవడానికి స్థలం.

సరుకు ఎక్కువైతే బుట్ట మోయలేరు కదా. ఓక్లహామా సిటీలో దుకాణాలున్న సిల్వన్ గోల్డ్‌మన్ ఆ ఇబ్బందిని గమనించి, మడత కుర్చీని చూసి వచ్చిన ఆలోచనతో 1937లో చక్రాల బండి తయారు చేయించాడు. మొదట్లో జనం దాన్ని ముట్టుకోలేదట. చివరికి రకరకాల వయసుల మనుషులను కూలికి పెట్టుకుని దుకాణంలో ఆ బండ్లు తోయించాడు, చూసినవారికి అలవాటు కావాలని. ఈ కథ చదివినప్పుడు నాకు తోచినది ఒక్కటే. దుకాణం లోపల మన చేతిలో బరువు తెలియకుండా చేశారు. తలుపు దాటాక ఆ బండి మనతో రాదు. కారు ఉన్నవారికి కారు దాకా వస్తుంది. నడిచి వచ్చినవారికి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. బండిలో పది కిలోలు వేసుకోవడం ఎంత తేలికో, ఆ పది కిలోలనూ గుమ్మం దగ్గర సంచుల్లోకి మార్చుకుని ఎత్తి చూసినప్పుడు తెలుస్తుంది.

ఆ ధరల తగ్గింపు అబద్ధం కాదు. లక్షల ఇళ్ళకు తిండి చవకైంది. అందులో కొంత మాత్రం మన నడుములతో, భుజాలతో కట్టినదే.

రెండో అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. డెబ్బై నాలుగేళ్ళు. నేను పిన్నిగారూ అంటాను, ఆవిడ నన్ను అమ్మాయ్ అంటారు. చెయ్యి చిట్లక ముందు మా ఇద్దరి మధ్య మెట్ల మీద పలకరింపు తప్ప ఏమీ లేదు. ఆవిడ రోజూ పొద్దున్నే సందు చివరి కొట్టుకు వెళ్ళి, చిన్న చిన్న పొట్లాలు రెండో మూడో కొనుక్కుని రావడం చూసేదాన్ని. వంద గ్రాములు ఇది, పావు కిలో అది. వారానికోసారి పెద్ద ప్యాకెట్లు తెచ్చుకుంటే ఎంత మిగులుతుందో ఈవిడకు తెలియదా అని మనసులో అనుకునేదాన్ని. ఒక రోజు ఆ మాట పైకే అనేశాను, మంచి చెబుతున్నాననుకుని.

"తెలుసమ్మా," అన్నారు పిన్నిగారు. "లెక్కలు నాకూ వచ్చు. ఐదు కిలోల సంచి నేను పైకి తేలేను. తేలేనిది చవగ్గా వస్తే నాకేం?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. నా చీటీ మీద అప్పుడు నేను రాసుకున్నదీ అదే కదా: నూనె, అర లీటరు. సబ్బు, ఒకటి.

ప్యాకెట్ మీద మొత్తం ధరతో పాటు కిలోకో లీటరుకో ఎంత పడుతుందో కూడా రాయాలని యూరోపియన్ యూనియన్ 1998లో నిబంధన తెచ్చింది. ఆస్ట్రేలియా 2009లో పెద్ద దుకాణాలకు అలాంటిదే పెట్టింది. మంచి నిబంధనలు. పెద్ద ప్యాకెట్ నిజంగా చవకో కాదో చూసుకుని కొనవచ్చు. ఆ చిన్న అక్షరాలను నేను ఎప్పుడూ చదువుతాను. ఆ ఎనిమిది వారాల్లో మాత్రం వాటిని చదవడం బాధగా ఉండేది. చిన్న ప్యాకెట్‌కూ పెద్ద ప్యాకెట్‌కూ మధ్య ఉన్న తేడా మోయలేనివారు చెల్లించే సొమ్మని అర్థమయ్యాక, ఆ అంకెలు వేరేగా కనిపించడం మొదలయింది. ఎత్తలేనివారే కాదు, ఒకేసారి అంత డబ్బు తీయలేనివారూ, ఇంట్లో దాచుకునే చోటు లేనివారూ అదే సొమ్ము కడుతున్నారు. ముసలితనం, పేదరికం, ఇరుకు ఇల్లు ఒకే కొట్టు ముందు వరసలో నిలబడతాయి.

మరి ఆప్‌లు ఉన్నాయి కదా అని అడుగుతారు. నేనూ మూడో వారంలో అటే వెళ్ళాను. పదకొండు కిలోల సరుకు ఒకేసారి తెప్పించుకున్నాను. ఎంత ఊరట కలిగిందో దాచను. తెచ్చిన కుర్రాడు కింద నుంచి ఫోను చేసి, మెట్లెక్కే సమయం లేదు మేడమ్, గేటు దగ్గర పెట్టి వెళ్ళనా అన్నాడు. నా చెయ్యి సంగతి చెబితే మారు మాట లేకుండా పైకి తెచ్చాడు. వీపు మీద పెట్టె, చేతిలో రెండు సంచులు. గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు ఇస్తే గటగటా తాగి, ఫోనులో ఏదో గడియారం చూసుకుంటూ పరుగున దిగిపోయాడు. ఆ సంచులను నేను నోటు పుస్తకంలో ఎలా రాయాలి? నా పుస్తకంలో 0, 0. మూడు అంతస్తుల బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ కుర్రాడి మోకాళ్ళలో ఉంది.

ఇంటికి సరుకులు తెప్పించుకునే పద్ధతికి మొదట్లో ఇంకో ఉద్దేశం ఉండేదని తెలిసి సంతోషించాను. 1984 మేలో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో జేన్ స్నోబాల్ అనే 72 ఏళ్ళ మహిళ, తన ఇంట్లో కుర్చీలో కూర్చుని టీవీ రిమోట్‌తో దగ్గరలోని టెస్కో అనే సూపర్‌మార్కెట్‌కు సరుకులు చెప్పింది. గుడ్లు, కార్న్‌ఫ్లేక్స్, మార్జరిన్. ఫోను తీగ మీద టీవీని దుకాణానికి కలిపే ఆ ఏర్పాటు మైఖేల్ ఆల్డ్రిచ్ అనే ఆంగ్లేయుడి ఆలోచన. వయసు మళ్ళినవారికీ, బయటికి వెళ్ళలేనివారికీ సాయంగా స్థానిక కౌన్సిల్ చేపట్టిన ప్రయత్నంలో భాగంగా ఆవిడ చేతికి ఆ రిమోట్ వచ్చింది. కదలలేనివారి కోసం మొదలైన పని అది. ఇప్పుడు ఆ వయసులో ఉన్న మా పిన్నిగారి దగ్గర ఉన్నది మీటల ఫోను. ఆప్‌లో కనీసం ఇంత కొనాలనే హద్దు ఉంటుంది, కార్డు అడుగుతుంది, అక్షరాలు చిన్నవి. ఎవరి కోసం పుట్టిందో వారే గడప బయట మిగిలారు.

సరుకే మనిషి దగ్గరికి వస్తే? ఈ దారిలో ఆలోచించినవారూ ఉన్నారు. జపాన్‌లో పల్లెల్లోనే కాదు, పట్టణాల్లో కూడా దుకాణానికి వెళ్ళలేని వృద్ధులు ఎంత పెరిగారంటే, వారిని ‘కొనుగోలు శరణార్థులు’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. 2012లో తొకుషిమాలో మొదలైన తొకుషిమారు అనే సంస్థ, చిన్న ట్రక్కుల నిండా దాదాపు నాలుగు వందల రకాల సరుకులు పెట్టుకుని ఇళ్ళ ముందుకే వెళుతుంది. కొనేవారు ట్రక్కు పక్కన నిలబడి, చేత్తో పట్టుకుని, చూసుకుని ఏరుకుంటారు. న్యూయార్క్ నగరం 2008లో పళ్ళూ కూరగాయలూ తక్కువగా దొరికే పేటల్లో వాటిని మాత్రమే అమ్మే తోపుడు బళ్ళకు వెయ్యి దాకా అనుమతులు ఇచ్చేలా చట్టం చేసింది. తోపుడు బండి గొప్పతనమంతా, అది మన వాకిట్లోకి వస్తుంది. పెద్ద దుకాణం ఎన్ని అరలు పెట్టినా చేయలేని పని అది.

దుకాణం దగ్గరగా ఉన్నంత మాత్రాన మనుషుల తిండి మారిపోదని చెప్పే అధ్యయనం కూడా ఒకటి ఉంది. అమెరికా ఆర్థికవేత్తలు కొందరు 2019లో ప్రచురించారు. పేదవారికీ ఉన్నవారికీ మధ్య పోషణలో ఉన్న తేడాలో, దొరికే సరుకులూ ధరలూ వివరించగలిగేది పదో వంతేనని వారు తేల్చారు. కొత్త సూపర్‌మార్కెట్ తెరిచిన చోట జనం దూరపు సూపర్‌మార్కెట్ మాని దగ్గరిదానికి వెళ్ళారే తప్ప, కొనే తిండి పెద్దగా మారలేదట. వారి లెక్కను నేను కాదనను. దాన్ని పట్టుకుని, అయితే దగ్గరగా దుకాణం అక్కరలేదు అనేవారితో మాత్రం గట్టిగా వాదిస్తాను. దూరపు దుకాణం మాని దగ్గరిదానికి వెళ్ళారంటే, అన్ని వారాల, అన్ని మైళ్ళ మోత తప్పిందన్నమాట. అది లాభం కాదా? పిన్నిగారు దగ్గర కొట్టులో కొన్నదే పెద్ద దుకాణంలోనూ కొంటారు, నిజమే. ఏ దారిన మోసుకొస్తారన్నదే నా బాధ.

చక్రాల సంచి కొనుక్కోమని ఆఫీసులో సలహా ఇచ్చారు. కొన్నాను. చదునైన దారిలో దానికి సాటి లేదు, ఏడు కిలోలు కూడా వేలితో లాగవచ్చు. వంతెన దగ్గరికి వచ్చేసరికి అది సరుకు బరువుకు తోడు తన బరువు కూడా కలుపుతుంది. ఖాళీగా తూచాను: కిలో ఎనిమిది వందలు. మా వీధివారం ఇరవై ఏడుగురం కలిసి, ఆ పెద్ద రోడ్డు మీద నేల మీదే దాటడానికి చారలూ సిగ్నలూ పెట్టమని అర్జీ రాసి ఇచ్చాం. ఆ కింద పిన్నిగారు తన పేరు రాయడానికి ఎంతసేపు తీసుకున్నారో! ఒక్కో అక్షరం విడివిడిగా, చదవలేకపోయామని ఎవరూ అనకుండా రాశారు. ఇంకా జవాబు రాలేదు. ఈ నెలలో మళ్ళీ వెళ్ళి అడగాలి.

చెయ్యి బాగయింది. నోటు పుస్తకంలో ఇప్పుడు తిరుగు దారికి పద్నాలుగు నిమిషాలు పడుతోంది. శనివారాలు పిన్నిగారూ నేనూ కలిసే వెళుతున్నాం. పొడవు పట్టీలున్న ఒకే పెద్ద సంచి తీసుకెళతాం. వచ్చేటప్పుడు ఆవిడ ఒక పట్టీ, నేను ఒక పట్టీ. పెద్ద ప్యాకెట్లు కొని ఇంటికి వచ్చాక రెండు డబ్బాల్లోకి పంచుకుంటాం. ఆవిడ త్రాసు ముల్లు చూడకుండా ఒప్పుకోరు, ఒక్క గ్రాము కూడా అటూ ఇటూ పోకూడదు. వంతెన ఎక్కేటప్పుడు ఆవిడ రెయిలింగు వైపు, నేను ఇవతల వైపు. నేను పొడుగు కాబట్టి సంచి ఎప్పుడూ ఆవిడ వైపు ఒరిగి, బరువంతా అటే దిగుతుంది. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆవిడ తప్పకుండా ఆగుతారు.

"అమ్మాయ్, నువ్వు ఒక మెట్టు కింద నుంచి రా," అంటారు. "అప్పుడు సమంగా ఉంటుంది."